తలకొక రాయి

తాత భుజం మీది టంగిని దించి, గోడ పైన చదునుగా ఉన్న ఒక బండ మీద మెల్లగా ఆనించి, దాన్ని అక్కడే వదిలేసి నాలుగడుగులు ముందుకు వేశాడు. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా అప్పుడే. టంగి అంటే పొడుగాటి కర్రకు బిగించిన చిన్న గొడ్డలి. తెల్లవారి కొండ కింద కలిసినప్పటి నుంచి, ముళ్ళకంపలు నరికేటప్పుడు తప్ప, నీళ్ళు తాగుతున్నా బీడీ ముట్టించుకుంటున్నా అది ఆయన భుజం దిగలేదు. మా నెత్తిన ఎండ తెల్లగా కాస్తోంది, ఆకు కదలడం లేదు, కొండ వెనకాల వాయవ్యం మూల మాత్రం బొగ్గుతో గీసినట్టు సన్నటి నల్లగీత ఒకటి కనిపిస్తోంది. టంగి మరిచిపోయావు తాతా అని నేను గుర్తు చేస్తే ఆయన తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"మర్సిపోనేదమ్మా. ఇనుము కదా. ఇయ్యాల దాని పక్కన మనం ఉండకూడదు."

ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఇవాళ సాయంత్రం మా పెద్దవాడు బడిసంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. వచ్చే వారం వాళ్ళ తరగతి పిల్లలందరినీ ఆ కొండకే, ఆ గోడ చూపించడానికే, ఒక రోజు నడకకి తీసుకెళ్తారట, కింద తల్లో తండ్రో సంతకం పెట్టాలట. పిల్లలు నిద్రపోయారు, బడా బజార్‌లో బట్టల కొట్టు కట్టేసి వచ్చి మా ఆయన కూడా పడుకున్నారు, బరంపురం వీధుల్లో ఆటోల చప్పుడు కూడా సద్దుమణిగింది, ఆ కాగితం మాత్రం ఇంకా ఖాళీగానే నా ముందుంది. నా ఈడు తల్లులకు విడమర్చి చెప్పక్కర్లేదు. పిల్లలు కాస్త ఎక్కువసేపు కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునే జాతి మనది. ఆ భయం నన్ను పిల్లల పక్కన కూర్చోబెట్టినంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఒక్క రోజు నాతోపాటు కొండ ఎక్కింది, దాని గురించే ఈ రాత.

మా అత్తవారి ఊరు పాత్రపూర్ పక్కన. అక్కడి నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఆ కొండని మా వైపు వాళ్ళు గోడకొండ అంటారు. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, కాలేజీలో చరిత్ర చెప్తుంది. సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, శిఖరం వెంబడే ఎక్కుతూ దిగుతూ పోయే ఆ గోడ అంటే ఆవిడకి చెప్పలేనంత మోజు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉంటుంది. ఏ రాజు కట్టించాడో, ఎవరి మీద కట్టించాడో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆ ఏడు ఎండలు ముదరకముందే చూసి రావాలని, తనతో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళని కూడగట్టి, ఎనిమిదో మనిషిగా నన్ను లాగింది. అప్పటికి నా కొడుక్కి అయిదేళ్ళు, కూతురికి మూడు. పుట్టాక వాళ్ళని ఒక పూర్తి పగలు వదిలిపెట్టి ఎక్కడికైనా వెళ్ళడం నాకదే మొదలు. డిగ్రీ చదివి పిల్లల చుట్టూ తిరగడమేనా నీ బతుకు అని వదిన దెప్పితే, అత్తగారు కూడా నే చూసుకుంటాను వెళ్ళమంటే, వెళ్ళాను. వ్యాను ఊరు దాటేలోపు రెండుసార్లు ఫోను చేశాను.

దారి చూపించే తాత కొండ కింది చిన్న పల్లెలో ఉంటాడు. మన తెలుగువాళ్ళే, ఒడియా కూడా అంత ధారగానూ మాట్లాడతాడు. అరవై దాటి ఉంటాయి. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కోసుకోవడానికి చిన్నప్పటి నుంచీ ఆ కొండ ఎక్కి దిగినవాడు కనక, గోడ చూడాలని వచ్చేవాళ్ళందరికీ ఆయనే దారి. పల్లె చివర ఒక వాగు, వాగు దాటగానే ఒక నల్లటి చట్టుబండ, అక్కడి నుంచే కాలిబాట పైకి లేస్తుంది. తాత వాగులోంచి ఒక గుండ్రాయి ఏరి ఆ బండ మీద పెట్టాడు. తలకో రాయి పెట్టి రండి, దిగినాక ఎవరి రాయి వాళ్ళు తీసి వాగులో పారెయ్యాలి అని చెప్పి, మాకు మంచినీళ్ళు పట్టడానికి ఊటబావి వైపు వెళ్ళిపోయాడు. ఎందుకని మేం అడగలేదు. ఆ కొండకేదో అమ్మవారుంటుంది, ఇదొక మొక్కు అనుకున్నాం. చదువుకున్న ఆడవాళ్ళం, నవ్వుకుంటూ తలా ఒక రాయి పెట్టాం.

నేను మూడు పెట్టాను.

దీనికి కారణం చెప్పాలంటే మా పుట్టింటి సంగతి చెప్పాలి. మాది ఆర్యపల్లి, సముద్రం మీద బతికే ఇల్లు. నాన్నా అన్నయ్యలూ వేటకి వెళ్ళిన రోజున మా అమ్మ తడి ఇసుకని ముద్ద చేసి, పసుపు అద్ది, పడవలో వెళ్ళినవాళ్ళకి తలా ఒకటి చొప్పున ఒడ్డున పెట్టేది. ఎదురుగా ఉన్నవాళ్ళకి ముద్ద ఉండదు. కంటికి దూరంగా ఉన్నవాళ్ళకే. పెట్టిన ముద్దని అలే తీసుకుపోవాలి తప్ప మన చేత్తో తీయకూడదు, తీస్తే ఆ మనిషిని ఒడ్డు నుంచి తోసేసినట్టే అనేది. అటువంటి ఇంట్లో పెరిగినదాన్ని, కంటికి దూరంగా ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, తలకో రాయి అంటే నా ఒక్క తలే ఎలా లెక్కపెట్టుకుంటాను? నాకొక రాయి పెట్టి, వాగులో వెతికి వెతికి రేగుపండంత రాళ్ళు రెండు, నున్నగా ఉన్నవి, పిల్లల పేరున దాని పక్కన చేర్చాను. ఎవరూ చూడలేదు.

గోడ ఎక్కాక మధ్యాహ్నం దాకా అంతా బాగానే ఉంది, బాగానే ఉందని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ గోడ మీద నడుస్తుంటే ఎవరింట్లోనో చెప్పకుండా అడుగుపెట్టినట్టు ఉంది. అక్కడక్కడ గోడ కడుపులో మనిషి వంగి దూరేంత అరలున్నాయి, కాపలావాళ్ళు తలదాచుకోవడానికట. వాటిల్లోకి తొంగి చూస్తే చల్లటి గాలి మొహానికి తగిలేది. ఒకచోట గోడ పూర్తిగా కూలి, వెనకవైపు లోయలోకి రాళ్ళు జారిపోయి ఉన్నాయి. అక్కడ తాత మా ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని దాటించాడు. ఎవరు కట్టి ఉంటారు తాతా అని వదిన చేతిలో పుస్తకం తెరిచి అడిగింది. ఆయన గోడ రాయి ఒకదాన్ని అరికాలితో తట్టాడు.

"ఎవులైతేనేటి తల్లీ. బయపడినోలు కట్టినారు. బయం నేనోడు ఇన్ని రాళ్ళు మొయ్యడు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ తరవాత కాసేపటికే ఆయన టంగిని వదిలేసింది. అక్కడి నుంచి ఇక ఆగనివ్వలేదు. మా వైపు ఒడియావాళ్ళు కాలబైశాఖి అంటారే, ఆ గాలివాన ఆ ఏడు ముందే వచ్చింది. నల్లగీత చూస్తుండగానే గోడంత అయింది, గోడని మించి లేచింది. పక్షులు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. గోడ మీద నుంచి దింపి, అడ్డదారిన, తుప్పల్లోంచి మమ్మల్ని పరుగులాంటి నడకతో తీసుకొచ్చాడు. చెట్టు కిందికి వెళ్ళొద్దని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అందరికంటే వెనక తానే నడిచాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి మొదటి చినుకులు, అణాబిళ్ళంత చినుకులు, బండ మీద టపటపా పడుతున్నాయి. ముందు వచ్చినవాళ్ళు తమ రాళ్ళు తీసి వాగులో విసిరేసి వ్యాను వైపు పరుగెత్తారు. నేను నా రాయి తీసి విసిరాను. మిగిలిన రెండు చిన్న రాళ్ళ మీదికి చెయ్యి వెళ్ళింది, ఆగిపోయింది. పిల్లల పేరున పెట్టినవి నా చేత్తో తీసి నీళ్ళలో పారెయ్యడమా, అదీ ఇలాంటి ఉరుముల్లో? ఉండనీ, కొండే వాళ్ళని కాచుకుంటుంది అనుకున్నాను. అంతకన్నా మంచిపని చేశాననే నమ్మకం ఆ రోజు మొత్తంలో నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

వ్యాను తడిసిన అద్దంలోంచి చూస్తే తాత బండ దగ్గర వంగి నిలబడి ఉన్నాడు. తన రాయి తీసి విసిరాడు. మళ్ళీ వంగాడు. తరవాత తలెత్తి కొండని చూశాడు, పల్లె వైపు తిరిగి ఎవరినో కేకేసి ఏదో చెప్పాడు, తువ్వాలు నెత్తికి చుట్టుకుని వచ్చిన బాటనే మళ్ళీ పైకి నడిచాడు. ఈ వానలో ఎక్కడికి అని నేనంటే, టంగి అక్కడే వదిలేశాడుగా, తెచ్చుకోవడానికి కాబోలు అంది వదిన. మొండి ముసలాయన అని ఎవరో అన్నారు. వ్యాను కదిలింది.

అరగంట పోయాక వాన రోడ్డుని కనపడనివ్వకపోతే ఒక టీకొట్టు దగ్గర ఆపాం. కొట్టు నడిపే ఆవిడ మా బురద కాళ్ళు చూసి, గోడకొండ నుంచా అని అడిగి, గ్లాసులు కడుగుతూ, మనం భోజనాలయ్యాయా అని అడిగినంత మామూలుగా ఇంకో మాట అడిగింది.

"రాళ్ళన్నీ దిగినాయేటమ్మా?"

వదినకి ఆసక్తి పుట్టి అదేమిటని అడిగింది. ఆవిడ పుట్టిల్లు ఆ పల్లేనట, ఓపిగ్గా చెప్పుకొచ్చింది. మనుషుల్ని వేలెత్తి లెక్కపెడితే ఆయుష్షు తరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. అందుకని కొండ ఎక్కేవాళ్ళు తలకో రాయి పెడతారు, దిగి తీసేస్తారు. రాయి మిగిలిందంటే మనిషి పైన మిగిలినట్టు. పెద్దవాళ్ళయితే పెద్ద రాయి, చిన్నపిల్లలు ఎక్కితే చిన్న రాయి. ఎప్పుడో ఒకసారి ఎవరూ చూసుకోక ఒక పిల్ల పైనే ఉండిపోయిందట, అప్పటి నుంచి రాయి మిగిలి ఉండగా ఆ పల్లెలో పొయ్యి వెలిగించరు. ఎవరో ఒకరు ఎక్కాల్సిందే, రాత్రయినా, వానయినా.

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మనం వెనక్కి వెళ్ళాలి వదినా అన్నాను. ఎందుకే అంది. చెప్పాను. ఆవిడ మొహం చూసి, నేను చేసిందేమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

డ్రైవరు రానన్నాడు. చెట్లు పడుతున్నాయి, నా బండికి ఏమైనా అయితే ఎవరు చూస్తారన్నాడు. వదిన బతిమాలింది, నేను ఏం చేశానో గుర్తులేదు, రోడ్డు మీద వానలో కొండ వైపు నడవడం మొదలుపెట్టానట, వ్యాను నా వెనకే వచ్చి ఆగిందట. తిరిగి వెళ్ళేసరికి పల్లె పల్లెంతా వాగు దగ్గర నిలబడి ఉంది. గోనెపట్టాలు కప్పుకుని, కొండ వైపే చూస్తూ. ఒకాయన ఇత్తడి పళ్ళాన్ని కర్రతో ఆగకుండా మోగిస్తున్నాడు, పైనున్నవాళ్ళకి దారి తెలియడానికి. తాత కూతురు నా ఈడుది, బండ పక్కనే ఉంది. ఎవరో ఇద్దరు చిన్నగుంటలు పైనుండిపోయారని చెప్పి అయ్య వెళ్ళాడని, పల్లెలో పిల్లలందరినీ ఇంటింటికీ వెళ్ళి చూసుకున్నామని, అందరూ ఉన్నారని, మరి కొండ అవతల మేకలు కాసేవాళ్ళ పిల్లలేమోనని ఆమె వదినకి చెప్తోంది. బండ మీద నా రాళ్ళు రెండూ వానకి కడిగినట్టు మెరుస్తున్నాయి.

అవి నేను పెట్టినవి అని చెప్పాను. ఎలా చెప్పానో, ఎన్ని మాటల్లో చెప్పానో. పళ్ళెం మోగించడం ఆగింది. ఆమె తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"నీ గుంటలు ఇంటికాడ ఉన్నారా?"

ఉన్నారన్నాను.

"అయితే తియ్యి. ఎవులు ఎట్టినారో ఆలే తియ్యాల."

తీశాను. ఎర్రగా పారుతున్న వాగులోకి విసిరాను. పైన కొండ మీద పిడుగు పడింది, గోడ మొత్తం ఒక్క క్షణం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎముకలాగా తెల్లగా కనిపించింది. తాత కూతురు కళ్ళు మూసుకుంది. ఇద్దరు మగవాళ్ళు కొడవళ్ళు కింద పెట్టేసి పైకి వెళ్ళారు. పళ్ళెం మళ్ళీ మొదలైంది.

ఎంతసేపో నేను చెప్పలేను. గడియారం చూసుకునే ధైర్యం లేదు. నా పిల్లలు అత్తగారి దగ్గర పొడి బట్టల్లో, ఈపాటికి పాలూ అటుకులూ తింటూ ఉంటారని తెలుసు. అలా తెలిసి ఉండడమే ఆ సాయంత్రం నాకు అన్నిటికన్నా భారమైంది. చీకటి పడుతుండగా వాళ్ళు దిగారు. తాత ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, ఒక కాలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. గోడ కడుపులో ఉన్న ప్రతి అరలోకీ దూరి చూశాడట, పిల్లలు కదా, వానకి భయపడి ఏ మూలో నక్కి ఉంటారని. గోడ కూలిన చోట వెనకవైపు కూడా చూద్దామని దిగబోయి, రాళ్ళతోపాటు జారాడట. మోకాలు ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది. కూతురు పట్టుకుని కూర్చోబెడుతుంటే ఆమె భుజం మీదుగా బండ వైపు చూశాడు. బండ ఖాళీగా ఉంది. అయినా అడిగాడు.

"ఆ గుంటలిద్దరూ దిగినారేటి?"

అందరూ నన్ను చూశారు. నేను వెళ్ళి ఆయన ఎదురుగా బురదలో కూర్చున్నాను.

"వాళ్ళు కొండ ఎక్కలేదు తాతా. వాళ్ళు నా పిల్లలు. ఇంట్లో ఉన్నారు."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కోపం వస్తుందని ఎదురు చూశాను, రాలేదు. నీళ్ళు నిండిన ఆ కళ్ళలో ఏదో మెల్లగా కిందికి దిగింది.

"ఇంట్లో ఉన్నారా. మంచిది," అన్నాడు. తరవాత కూతురి వైపు తిరిగి, "పొయ్యెలిగించండే. సలేస్తంది," అన్నాడు.

మా వ్యానులోనే ఆయన్ని బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. వదినా, ఆయన కూతురూ తోడు వెళ్ళారు, నన్ను దారిలో అత్తవారింటి దగ్గర దింపేశారు. కాలు దక్కింది గానీ వంగలేదు. ఆ తరవాత ఆయన కొండ ఎక్కలేదు. నేను ఎప్పుడు చూడబోయినా అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతూ ఉండేవాడు, ఆకు మీంచి చూపు తీయకుండానే పిల్లల చదువు అడిగేవాడు. కొండ మాట ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. పోయిన ఏడాది చలికాలంలో పోయాడు.

ఇప్పుడు అక్కడ అన్నీ వచ్చాయి. వాగు మీద వంతెన వేశారు, గోడ కూలిన చోట ఇనుప కమ్మీలు కట్టారు, తాత మాకు రాళ్ళు పెట్టమని చెప్పిన చోట టికెట్లు ఇచ్చే గది ఉంది. చట్టుబండకి తెల్లరంగు పూసి దాని మీద చెత్త వేయరాదని మూడు భాషల్లో రాశారు. పల్లెలో కుర్రకారు రాళ్ళు పెట్టడం మానేశారు, అడిగితే సిగ్గుపడతారు. ఎక్కేవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు పుస్తకంలో రాసుకుంటారు. దిగేవాళ్ళని ఎవరైనా చూసుకుంటారా అని మొన్నామధ్య వెళ్ళినప్పుడు ఆ గదిలో కూర్చున్నతన్ని అడిగాను. దిగేవాళ్ళు దిగిపోతారు కదండీ అన్నాడు. తప్పేం లేదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఒకప్పుడు ఎవరి పిల్లలో తెలియకపోయినా పల్లె మొత్తం ఆకలితో వానలో నిలబడిన చోటది. అటువంటి లెక్క పెట్టేవాళ్ళు పోయాక ఇనుప కమ్మీలు ఎన్ని కడితే సరిపోతుందో నాకు తెలియదు. ఈ కాగితం మీద సంతకం పెడతాను, పెట్టి రేపు బడికి వెళ్ళి, దిగేటప్పుడు పిల్లల్ని చూసుకునేదెవరో వాళ్ళ మాస్టారిని అడిగి వస్తాను.

ఆరేళ్ళ కిందటి ఆ వాన మర్నాటి పొద్దున్న ఒక్కటి మిగిలింది చెప్పడానికి. పెద్దవాడు పందుంపుల్ల నములుతూ వచ్చి, గోడ ఎంత పెద్దది, పైన ఏమున్నాయి అని అడిగాడు. చిన్నది నిద్రకళ్ళతో నా ఒళ్ళో కూర్చుంది. నెమళ్ళని చూశాననీ కోతుల్ని చూశాననీ చెబుదామని రాత్రంతా కథ కట్టుకున్నాను. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మీరిద్దరూ తప్పిపోయారనుకుని ఒక తాత నిన్న వానలో కొండంతా వెతికాడు," అన్నాను. "ఆయన కాలు విరిగింది."

మేం ఇంట్లోనే ఉన్నాం కదా అన్నాడు వాడు.

"ఉన్నారు. నాకు తెలుసు, ఆయనకి తెలీదు. తప్పు నాది. త్వరగా మొహాలు కడుక్కోండి, బరంపురం బస్సుకి వేళవుతోంది. ఆయన వెతికిన పిల్లల్ని ఆయనకి చూపించాలి."